గోడవారన కూర్చున్న పిల్ల

తాతబ్బాయి గారి స్టూడియోలో నా పని చనిపోయినవాళ్ళకి మంచి బట్టలు తొడగడం. పెళ్ళి గుంపులో ఎక్కడో వెనక నిలబడ్డ ముసలాయన తలని కంప్యూటర్లో కత్తిరించి, కండువా వేసుకున్న ఇంకొకరి భుజాల మీద అతికించి, వెనక నీలం తెర పెడతాను. మా వైపు పల్లెల్లో చాలామంది ప్రాణం ఉండగా ఫొటో తీయించుకోరు. పోయాక ఇంట్లోవాళ్ళు రేషన్ కార్డు మీది మసక బొమ్మ పట్టుకొచ్చి, దీన్నే పెద్దది చెయ్యమంటారు. నేను రోలుగుంట దగ్గర మా ఊరి బళ్ళో చదువుకున్నాను. ఈ పని మాత్రం నర్సీపట్నం వచ్చాక తాతబ్బాయి గారి కుర్చీ వెనక నిలబడి నేర్చుకున్నాను.

మొన్న ఎండాకాలం బేరాలు పలచబడినప్పుడు ఆయన అటక మీది పాత నెగటివుల డబ్బా దింపించారు.

"ఒక్కోటీ స్కాన్ చేసి మన పేజీలో పెట్టమ్మా సత్యశ్రీ. పాత నర్సీపట్నం అంటే జనం ఎగబడి సూస్తన్నారు," అన్నారు.

అందులో ఒకటి జీడిపిక్కల షెడ్డులో తీసింది. వెనక పిక్కలు కాల్చే ఇనప డ్రమ్ము. దాని ముందు నేల మీద వరసగా ఐదుగురు పిల్లలు, ఎనిమిదీ తొమ్మిదేళ్ళవాళ్ళు. ఒక్కొక్కరి ముందూ ఒక బండరాయి, చేతిలో చెక్క సుత్తి. పిక్కలోంచి కారే జీడికి వేళ్ళు బొగ్గుల్లా ఉన్నాయి. ఒక్కరూ నవ్వలేదు.

"ఈ పిల్లల్ని ఎందుకు తీశారండీ?" అని అడిగాను.

"పిల్లల్నెవడు తీశాడు? డ్రమ్ముని తీశాను," అన్నారాయన. "షావుకారు కొత్త డ్రమ్ము కొన్నాడు. ఉత్తినే తీస్తే ఎంత పెద్దదో తెలీడం లేదని, పక్కన పని చేస్తన్న గుంటల్ని లేపి ముందు కూకోబెట్టాడు. ఆ తరవాత సుత్తులు కూడా పట్టుకోమన్నాడు."

పేజీలో పెట్టిన మూడో రోజు సాయంత్రం మంగ అనే ఆవిడ స్టూడియోకి వచ్చింది. నలభయ్యో పడిలో ఉంటుంది. కూతురు ఫోన్లో చూపించిందట. షెడ్డు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, జీడి అంటకుండా వేళ్ళకి రాసుకున్న బూడిద ఇంకా పోలేదు. నా కంప్యూటరు ముందు వంగి, తెర మీద ఒక పిల్లని వేలితో పొడిచింది.

"ఇది నాను. సూడు పాపా, అప్పుడూ పిక్కలే, ఇప్పుడూ పిక్కలే. మేడలేటి కట్టలేదు," అని నవ్వింది.

మిగతావాళ్ళెవరో అడిగాను. ఆమె కూరలు ఎంచినట్టు చెప్పుకుపోయింది.

"ఈడు సింగన్న. లారీ కిలీనరుగా ఎల్లేడు, ఘాటీలో లోడు మీంచి పడిపోనాడు. అంతే, మరి లెగలేదు. ఈడు మత్స్యలింగం. ఐదరాబాదులో ఇటుకలు మోత్తన్నాడని కొన్నాల్లు అనుకున్నాం, ఇప్పుడేటి మోత్తన్నాడో తెల్దు. ఇదిగో ఈ సీమిడి ముక్కుది రావికమతంలో బడిపిల్లలకి వండి పెడతాది. దాని పిల్లని మాత్రం బడి మాన్పించీసింది, నవ్వొత్తాది తలుసుకుంటే."

"ఈ చివరి పిల్ల?"

వరస చివర, గోడని ఆనుకుని ఒక పిల్ల ఉంది. చిరిగిన గౌను. అందరూ కెమెరాని చూస్తుంటే ఆ పిల్ల మాత్రం తన చేతిలోని సుత్తిని చూసుకుంటోంది. సుత్తి ఎడమచేతిలో ఉంది.

"దేవి. కొండోల గుంట, సోమలమ్మ కూతురు," అంది మంగ. "ఎడంచేతి వాటం. ఎడంచేతోలని గోడవారనే కూకోబెట్టీవోరు. మద్దిలో కూకుంటే మోచెయ్యి మోచెయ్యి తగిలి పక్కోల మొకం మీద జీడి సిందీది. నా సెంప మీద మచ్చ అదే. ఆవేళ తన్నులు తింది, గోడకి పోయింది."

"ఇప్పుడెక్కడుంది?"

"షావుకారి పెళ్ళాం విశాపట్నంలో సుట్టాలింటికి పంపింది, పసిపాపని ఆడించడానికని. ఏడాదికి తల్లి అడగడానికెల్తే పారిపోయిందన్నారు. తొమ్మిదేల్ల గుంట ఎక్కడికి పారిపోద్ది? షావుకారూ సచ్చాడు, ఆ షెడ్డూ పోయింది. ఇంకెవుల్ని అడుగుతాది?"

ఫొటోకి వచ్చిన పేరు చూసి తాతబ్బాయి గారు దాన్ని పెద్దది చేయించి షోకేసు అద్దంలో పెట్టించారు. సంత రోజున నేను షట్టరు తీసేసరికి మెట్టు మీద ఒక ముసలావిడ నిలబడి ఉంది. పక్కన విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు. అరచెయ్యి అద్దానికి ఆనించి, వేళ్ళ సందుల్లోంచి లోపలికి చూస్తోంది. ఎవరో చెబితే వచ్చిందట.

"ఇది నా పిల్లే," అంది నాతో. "సుత్తి సూడు. ఎన్ని దెబ్బలేసినా ఆ సెయ్యి మానలేదు. ఈ బొమ్మ నాకిత్తావా పాపా?"

ఆవిడే సోమలమ్మ. కూతురిది ఆవిడ దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. బొమ్మ పట్టుకుని విశాఖపట్నం వెళ్తానంది. బస్సులాగే చోట నిలబడి వచ్చేపోయేవాళ్ళకి చూపిస్తానంది.

"మామ్మా, ఇప్పుడు ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి కదా. ఈ బొమ్మతో పోల్చుకుంటారా?"

"అది పోల్చుకుంటాది గదా," అంది సోమలమ్మ. "దాని మొకం అదే సూత్తే, అమ్మొచ్చిందని తెలుత్తాది."

పై సంతకి ప్రింటు తీసి ఉంచుతానని చెప్పాను. తాతబ్బాయి గారు కూడా సరేనన్నారు. ఈలోగా చిట్టిరాజు వచ్చాడు.

చిట్టిరాజు పెదబొడ్డేపల్లి వైపు ఉన్న ఒక జీడిపప్పు షెడ్డుకి మేస్త్రీ. మంగ అతని కిందే పని చేస్తోంది. వాళ్ళమ్మ వరహాలక్ష్మి గారిని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. ఆవిడ షోకేసు ముందు నిలబడి గోడవారనున్న పిల్లని చూసి, "మా నూకరత్నం! ఒలమ్మో, నా తల్లే!" అని అక్కడే కూలబడిపోయింది.

నూకరత్నం వాళ్ళ పెద్దపిల్ల. అదే షెడ్డులో పని చేసేది. తొమ్మిదేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. చిట్టిరాజు ఆ తరవాత పుట్టాడు. పెళ్ళికాకుండా పోయిన ఆడపిల్లని మా వైపు ఇంటి పేరంటాలుగా కొలుస్తారు. గోడకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఏటా కొత్త లంగా, గాజులు, చలిమిడి పెడతారు. ఆ పిల్ల ఇంటిని కాస్తుందని నమ్మకం. వరహాలక్ష్మి గారింట్లో ఇన్నేళ్ళూ పసుపు గోడే ఉంది, ముఖం లేదు. ఆవిడకి ఇప్పుడు గుండె బాగాలేదు. పోయేలోగా ఆ గోడ మీద కూతురి ముఖం చూసుకోవాలని ఉందట.

సోమలమ్మ సంగతి తాతబ్బాయి గారు చెప్పారు. "ఇద్దరికీ చెరోటీ తీసిస్తానండి, కాపీయే కదా," అని నేను కూడా అన్నాను.

చిట్టిరాజు నా వైపు తిరిగాడు. "అద్గదీ! మా పేరంటాలు రెండిల్లలో కూకుంటాదేటి? ఒక ఇంట్లో దీపం, ఇంకో ఇంటోలు బజార్లో పట్టుకు తిప్పుతారు. మాకు కీడు కాదేటి?" అన్నాడు. "ఆ ముసల్దాన్ని రమ్మను. ఎవుల పిల్లో ఇక్కడే తేల్సీద్దాం."

పై సంత రోజున అందరూ స్టూడియోలో చేరారు. లోపల మూడే కుర్చీలు. తాతబ్బాయి గారు, వరహాలక్ష్మి గారు, చిట్టిరాజు కూర్చున్నారు. సోమలమ్మ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. మంగని చిట్టిరాజే తీసుకొచ్చాడు.

"ఏమే ముసలీ, నీ పిల్ల పారిపోయిందంట గదా," అని మొదలుపెట్టాడు. "పారిపోయిన గుంటకి ఫొటో ఏటి?"

"నా పిల్లకి దండేత్తారంట బాబూ. బతికున్న పిల్లకి దండేత్తారా?"

"బతికుందని నీకెవులు సెప్పారు?"

"సచ్చిపోయిందని ఎవులూ సెప్పలేదు గదా."

చిట్టిరాజు తొడ మీద చరిచి నవ్వాడు. "సూడండి తాతబ్బాయి గారూ, లాయరు లాగ మాటాడతంది! మంగా, ఇటు రాయే. నువ్వు పక్కనే కూకునేదానివి గదా. నిజమే సెప్పు, బయమేటి?"

మంగ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఫొటో ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. చెంప మీద మచ్చని కొంగుతో ఒకసారి తుడుచుకుంది.

"నూకరత్నమే బాబూ," అంది.

"ఒసే మంగా!" అంది సోమలమ్మ. "నీ మొకం మీద జీడి సిందితే నా పిల్ల కదే తన్నులు తింది?"

"నాకు గుర్తు లేదు పిన్నీ."

తాతబ్బాయి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన స్టూడియోకి ఆ షెడ్డు వాళ్ళ పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లన్నీ వస్తాయి. "పక్కన కూర్చున్న మనిషే చెప్పాక ఇంకేముంది? నువ్వు ఇంటికెళ్ళు సోమలమ్మా, పోయినోళ్ళ విషయంలో పేచీ మంచిది కాదు," అన్నారు.

"నా పిల్ల పోలేదు," అంటూ లేచింది సోమలమ్మ.

మంగ వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగింది. నేనేమీ అనకపోయినా, "అలా సూడకు పాపా," అంది నెమ్మదిగా. "రేపు పొద్దున్న షెడ్డు గేటు తీసీది ఆడే. ఈ బొమ్మ తీసినావేళ నూకరత్నం పనికే రాలేదు. అప్పటికే జొరం. ఆ సంగతి ఇప్పుడు ఆయమ్మకి సెప్తే గుండాగిపోద్ది. మరి నానేటి సెయ్యను?"

మర్నాటి నుంచి పని మొదలైంది. వరహాలక్ష్మి గారు రోజూ మధ్యాహ్నం వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. మొదట సుత్తి తీసెయ్యమన్నారు. తీసేశాను. ఎడమచెయ్యి అలా ఖాళీగా గాల్లో ఉండిపోయింది. నల్లటి వేళ్ళు బాగాలేవన్నారు. మా దగ్గర పెళ్ళిపిల్లల ఫొటోల్లోంచి తీసి దాచిన చేతులుంటాయి. గాజులున్న చేతులు రెండు తెచ్చి, ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టాను. చిరిగిన గౌను పోయి ఆకుపచ్చ పట్టులంగా వచ్చింది. వెనక గోడ పోయింది.

"మా పిల్ల కల్లు పెద్దవమ్మా. ఇంత సిన్నగా ఉండవు."

పెద్దవి చేశాను.

"సుత్తి వైపు సూత్తంది గావాల, రెప్పలు వాలిపోయాయి. నన్ను సూసినట్టు పెట్టు తల్లీ."

అది కష్టమైన పని. కంటిపాపలు వేరే పిల్లవి తెచ్చి పెట్టాల్సివచ్చింది. ముక్కు కొంచెం సన్నం చేయమన్నారు. గడ్డం కింద పుట్టుమచ్చ ఉండేదన్నారు. ఆవిడ చెప్పేవి కల్పించి చెప్పినట్టు లేవు. కళ్ళు మూసుకుని, వేలితో గాలిలో కొలిచి చెప్పేవారు. ఒక్కో మార్పుకీ తెర మీది పిల్ల దేవిలా లేకుండా పోతుంటే, ఆవిడ మొహంలో గుర్తుపట్టిన వెలుగు పెరిగేది. చివరి రోజున పుట్టుమచ్చ పెట్టగానే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు.

"ముప్పయ్యేల్లకి ఇంటికొచ్చింది," అన్నారు.

ఫ్రేము కట్టిన రోజున చిట్టిరాజు ఒక్కడే వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. పేజీలోంచి పాత ఫొటో తీయించాడు, దాంతో షేర్ చేసుకున్నవాళ్ళ దగ్గరా అది పోయింది. షోకేసులోది తీసి నాలుగు ముక్కలు చేశాడు. కంప్యూటర్లో స్కాన్ చేసినది ఏది, పనిచేసిన ఫైలు ఏది అని అడిగి, రెండూ తుడిపించి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేయమన్నాడు. నేను తాతబ్బాయి గారి వైపు చూశాను. ఆయన సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, "చెయ్యమ్మా," అన్నారు. నెగటివు ఆయనే కవరులో పెట్టి ఇచ్చారు.

"ఆ సుత్తి బొమ్మ మాయమ్మ కంట మల్లీ పడకూడదు," అన్నాడు చిట్టిరాజు. "మా షెడ్డు కాడికి కూడా పెతీ ఒక్కడూ ఫోను పట్టుకుని వచ్చీసి, మీ దగ్గర పిల్లలున్నారా అని అడుగుతన్నాడు. మాకేటి గోల ఇది?"

నెగటివుని పసుపుగుడ్డలో చుట్టి పేరంటాలు గోడ కింద పాతిపెట్టారు. మూలం ఇల్లు దాటి పోకూడదని వాళ్ళ పెద్దలు చెప్పారట.

పండుగ శుక్రవారం నాడు చేశారు. ఫ్రేము నేనే తీసుకెళ్ళాను. ముత్తైదువలంతా వచ్చారు. షెడ్డు ఆడవాళ్ళని కూడా పిలిచారు, మంగ గిన్నెలు కడుగుతోంది. పసుపు గోడకి ఫొటో తగిలించి, బంతిపూల దండ వేసి, కింద లంగా, గాజులు, చలిమిడి పెట్టారు. హారతి ఇస్తుండగా వీధి గుమ్మంలో సోమలమ్మ కనబడింది. కొండ దిగి ఆటోలో వచ్చినట్టుంది, కాళ్ళకి దుమ్ము.

"మల్లీ వొచ్చీసింది రా బాబూ," అన్నాడు చిట్టిరాజు.

"పండగ పూట ఏటీ అనకురా," అన్నారు వరహాలక్ష్మి గారు. "సూసి ఎల్తాది. రా సోమలమ్మా, గుమ్మంలోంచి సూసుకో. మా పిల్ల మాది గాని, సూడ్డానికేటి, సూడు."

సోమలమ్మ గడప అవతలే నిలబడి చూసింది. కన్ను ఆర్పలేదు. తల ఇటు వంచింది, అటు వంచింది. చేతుల వంక చూసింది. ఆవిడ మొహం గట్టిగా బిగుసుకుని ఉంది. మెల్లగా వదులైంది. నేను ఆవిడ నవ్వగా చూడడం అదే మొదటిసారి.

"ఇది నా పిల్ల కాదు," అంది. గట్టిగా, అందరికీ వినబడేలా. "సెప్పండెహె ముందే! ఇది మీ పిల్లే తల్లీ. నా పిల్లకి ఇంతేసి కల్లు లేవు. ఆ సేతులూ కావు."

వరహాలక్ష్మి గారు సంతోషంతో ఏడ్చేశారు. లోపలికి పిలిచి, చలిమిడి ఉండ చేతిలో పెట్టి, బొట్టు పెట్టారు. సోమలమ్మ అక్కడే గోడకి ఆనుకుని కూర్చుని, ఆకలి మీదున్న మనిషిలా తింది. ఇంకొంచెం అడిగి కొంగున కట్టుకుంది. చిట్టిరాజు కూడా మెత్తబడ్డాడు. "సూసావా, ఉత్తి పున్నానికి ఎంత గోల సేసినావో," అన్నాడు. "అవును బాబూ, ముసల్దాన్ని, తప్పు నాదే," అందావిడ నవ్వుతూ.

నేను బయల్దేరుతుంటే నా వెనకే వచ్చింది. దారంతా మాట్లాడుతూనే ఉంది. తెల్లారితే విశాఖపట్నం బస్సుకి వెళ్తుందట. తోడుగా చెల్లెలి కొడుకుని తీసుకెళ్తుందట. స్టూడియో మెట్టెక్కి షోకేసులో చూసింది. అక్కడ ఒక పెళ్ళికొడుకు ఫొటో ఉంది.

"నా పిల్ల బొమ్మ లోపలెట్టినావా? తెచ్చియ్యి పాపా, బేగి. ఆటో ఎల్లిపోద్ది," అంది.

నేను తలుపు మీద చెయ్యి వేసి ఆగాను.

"ఆల పిల్ల ఆల ఇంట్లో ఉంది గదా. ఇంకెవులూ పేచీ పెట్టరు. సుత్తి పట్టుకున్న నా పిల్లని నాకిచ్చీ."

చెబుతాను, ఉండమన్నాను. లోపలికి వెళ్ళి ఉన్న చోటల్లా వెతికాను. లేదని తెలిసీ వెతికాను. మంగకి ఫోన్ చేశాను, తన కూతురి ఫోన్లో ఏమైనా దాచుకుందేమోనని. ఆ పిల్ల వెంటనే పంపింది. వాళ్ళమ్మ బాగా కనబడాలని అంచులు కత్తిరించి స్టేటస్ పెట్టుకుందట. మంగ ఉంది, సింగన్న సగం ఉన్నాడు. గోడ వైపు ఒక మోచెయ్యి మొన మాత్రం ఉంది.

తాతబ్బాయి గారు పేపరు మడిచి నా పక్కకి వచ్చారు. విషయం అర్థమైంది ఆయనకి. గొంతు తగ్గించి, "డబ్బాలో ఇంకా బోల్డు ఫిల్ములున్నాయి కదమ్మా. ఏదో ఒక కొండోళ్ళ గుంట బొమ్మ తీసి ఇచ్చీ. ముప్పై ఏళ్ళయింది, దానికేం తెలుస్తుంది?" అన్నారు.

నేను బయటికి వచ్చి మెట్టు మీద సోమలమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ కొంగు ముడి విప్పి నాకు చలిమిడి పెట్టబోయింది.

"మామ్మా, ఆ బొమ్మ లేదు," అన్నాను. "అద్దంలో ఉన్న బొమ్మనే మార్చాను. కళ్ళూ చేతులూ అన్నీ మార్చాను. వాళ్ళ గోడ మీదున్నది అదే. ఇంకోటి లేదు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. చలిమిడి వేళ్ళ మధ్యే ఉంది.

"అదేనా?"

"అదే."

"అయితే ఆ దండ..."

నేను తల ఊపాను.

ఆవిడ చేతిలోని చలిమిడి వైపు చూసింది. నాలిక బయటపెట్టి కొంగుతో ఒత్తి ఒత్తి తుడుచుకుంది. ఒకసారి కాదు. తరవాత మెట్టు పక్క కాలవ మీదకి వంగి, గొంతులో వేలు పెట్టుకుంది. ఏమీ రాలేదు. మళ్ళీ పెట్టుకుంది. పక్క కొట్టువాళ్ళు చూస్తున్నారు. నేను వీపు మీద చెయ్యి వేయబోతే మోచేత్తో తోసేసింది.

"ఓ మామ్మా, వొత్తావా రావా?" అని రోడ్డు మీంచి ఆటో డ్రైవరు కేకేశాడు. లోపల జనం ఇరుక్కుని కూర్చుని, ఆవిడ కోసం అర చోటు వదిలి చూస్తున్నారు.